బొగ్గుబాయి ముచ్చట్లు – 17: ‘ఊకెనే ఉన్న’ అనే జవాబు



పోయిన భాగంలో కాంట్రాక్టు టెండర్ల ముచ్చట రాసి, "ఈ మనుషులు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నరో లెక్క ఎవరి దగ్గరుంది?" అన్న కాడ ఆపిన. ఈసారి ఆ లెక్క గురించే. తెలుగు పాఠం చెప్పేటోనికి లెక్కలతో ఏం పని అని నవ్వుకునేటోళ్లు నవ్వుకోండి. మనిషి బతుకుకు ఏ మాట వాడుతున్నరో చూసుడే నా చదువు. సర్కారు మన బతుకుకు వాడే మాటలు అంకెల్లో ఉంటయి. వాటిని కూడా పాఠం చదివినట్టే చదవాలె.

ఎండాకాలంలో మా ఇంటికి సర్వే చేసే తమ్ముడొకడు వచ్చిండు. చేతిలో ట్యాబ్. వాకిట్లో కుర్చీ వేస్తే కూసున్నడు. పేర్లు, వయసులు, చదువులు రాసుకున్నడు. తర్వాత మా అమ్మను అడిగిండు.

"పోయిన ఏడు రోజులల్ల నువ్వేం పని చేసినవమ్మా?"

అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అన్నది: "నేనేం పని చేస్త బిడ్డా, ఊకెనే ఉన్న."

తమ్ముడు వేలితో ఒకటి నొక్కిండు. అయిపోయింది. అమ్మ ఏడు రోజులు ఒక్క అంకె అయినయి.

నేను లోపలి అర్రలో పేపర్లు దిద్దుతున్న. ఆ ఏడు రోజులు అమ్మ ఏం చేసిందో నాకు తెలుసు. నాలుగున్నరకు లేచి నల్లా నీళ్లు పట్టింది. ఆరుగురికి వండింది. మోకాళ్లు పట్టుకపోయిన మా బాపుకు కాపడం పెట్టింది. మా చెల్లె బిడ్డను ఎత్తుకున్నది. రెండు దినాలు ఓబీ గుట్ట వెనక నుంచి పొయ్యిల కట్టె ఏరుకొచ్చింది. ఇంకో రెండు దినాలు, పక్కింటి అక్కకు జ్వరమొస్తే, ఆమె బదులు ఫంక్షన్ హాల్లో బోళ్లు తోమి రోజుకు నాలుగొందలు కొంగున ముడేసుకొని వచ్చింది. బాయి భాషలో చెప్పాలంటే బదిలీ పోయింది.

ఇంత చేసి ‘ఊకెనే ఉన్న’ అన్నది. అబద్ధం ఆడలేదు. పని అంటే బాపు చేసింది పని. లైటు పెట్టుకొని, మస్టరు పడి, నెలకు జీతం వచ్చేది పని. తను చేసేదానికి ఆమె దగ్గర పేరు లేదు.

నేను బయటికొచ్చి బోళ్ల ముచ్చట చెప్పబోయిన. ఆ లోపల తమ్ముడు లేచిండు. పోతూ పోతూ ఒక మాటన్నడు: "సార్, వచ్చే నెల మళ్లొస్త. ఇదే ఇంటికి నాలుగుసార్లు రావాలె."

ఆ మాట విన్నంక నాకు ఆశ్చర్యం, సంబురం రెండూ అయినయి. ఎందుకో చెప్త.

*

ఆ సర్వే పేరు పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. 2017లో మొదలైంది. అంతకు ముందు జాతీయ నమూనా సర్వే సంస్థ అయిదేండ్లకోసారి పెద్ద సర్వే చేసేది. ఇది వచ్చినంక పట్నాల్లో ఎంచుకున్న ఇంటికి నాలుగుసార్లు పోయి అడుగుడు షురూ అయింది. 2025 జనవరి నుంచి పల్లెల్లో కూడా అదే పద్ధతి. వరుసగా నాలుగు నెలలు అవే ఇండ్లకు పోతరు. నెలనెలా లెక్క బయటపెడతరు.

ఈ సర్వే మనుషులందరినీ మూడు అర్రల్లో పెడతది. మొదటి అర్రలో పని చేస్తున్నవాళ్లు. రెండో అర్రలో పని లేక వెతుక్కుంటున్నవాళ్లు, దొరికితే చేస్తమన్నవాళ్లు. మూడో అర్రలో ఈ రెండూ కానివాళ్లు: చదువుకునే పిల్లలు, పింఛన్‌దారులు, మంచం పట్టినోళ్లు, ‘ఇంటి పని’ చేసేటోళ్లు. మొదటి రెండు అర్రలు కలిపితే శ్రామిక శక్తి. మూడో అర్ర దాని బయట. నిరుద్యోగ రేటు అంటే మొదటి రెండు అర్రల్లో ఉన్న నూరు మందిలో రెండో అర్రలో ఎంతమంది అన్నది. మూడో అర్రలో ఉన్నోళ్లు ఆ లెక్కలోకే రారు.

ఇక్కడే అసలు కిటుకు. మన బస్తీలో పని ఈడు మనుషులు నూరు మంది ఉన్నరనుకో. అరవై మంది పనిలో, పది మంది వెతుకులాటలో, ముప్పై మంది మూడో అర్రలో. నిరుద్యోగ రేటు డెబ్బైలో పది, అంటే నూటికి 14 పైన. ఆ పది మందిలో అయిదుగురు తిరిగి తిరిగి విసిగి "ఇంక దొరకదు" అని ఇంట్లో కూసున్నరనుకో. ఇప్పుడు రెండో అర్రలో అయిదుగురు, మూడో అర్రలో ముప్పై అయిదుగురు. రేటు అరవై అయిదులో అయిదు, అంటే నూటికి 8 లోపు. ఒక్కనికి కూడా పని దొరకలేదు. కానీ తెల్లారి పేపర్లో ‘నిరుద్యోగం సగానికి తగ్గింది’ అని వస్తది. ఆ వార్తలో ఒక్క అంకె కూడా తప్పుండదు.

అందుకే అర్రల్లో ఎంతమంది ఉన్నరు అన్నది సగం లెక్కనే. ఎవరు ఏ కడప దాటి ఏ అర్రలోకి పోయిండ్రు అన్నది మిగతా సగం. మూడు అర్రలంటే ఆరు కడపలు. పనిలోంచి వెతుకులాటకు, వెతుకులాటలోంచి పనికి, వెతుకులాటలోంచి విసుగుకు, విసుగులోంచి మళ్లీ వెతుకులాటకు, పనిలోంచి నేరుగా ఇంటికి, ఇంట్లోంచి నేరుగా పనికి. అమెరికాలో ఒక ఇంటిని నాలుగు నెలలు అడిగి, ఎనిమిది నెలలు వదిలి, మళ్లీ నాలుగు నెలలు అడుగుతరు. ఆ లెక్కతో నెలకు ఎంతమంది ఏ కడప దాటిండ్రో ప్రభుత్వమే అచ్చువేస్తది. బ్రిటన్‌లో మూడు నెలలకోసారి అయిదుసార్లు అడిగి ఇట్లాంటి పట్టికలే ఇస్తరు.

ఈ లెక్క తియ్యాలంటే ఒక్కటే షరతు. అదే మనిషిని మళ్లీ అడగాలె. మా ఇంటికొచ్చిన తమ్ముడు ‘మళ్లొస్త’ అన్నప్పుడు నాకు సంబురమైంది అందుకే. మన దేశంలో కూడా ఇప్పుడు ఊర్లలో, పట్నాల్లో ఆ ముడిసరుకు ఉన్నది. కానీ నెలనెలా బులెటిన్‌లో మన ముందు పెట్టేది అర్రల లెక్క. ఆడ–మగ, ఊరు–పట్నం, 15–29 ఏండ్ల యువత అని విడదీసి చెప్తరు. కులం అన్న గడి ఆ నెల లెక్కలో కనబడదు. సంవత్సరానికోసారి వచ్చే నివేదికలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అని ఉంటది. అది కూడా అర్రల లెక్కనే, కడపల లెక్క కాదు.

2017–18లో 15 ఏండ్లు దాటినోళ్లలో నిరుద్యోగ రేటు 6.0 శాతం. 2023–24లో 3.2 శాతం. అదే కాలంలో ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నోళ్ల వాటా 23.3 నుంచి 41.7 శాతానికి పోయింది. మంచిదే. కానీ ఈ ఆడవాళ్లు ఏ కడప దాటి వచ్చిండ్రు? పెరిగినదాంట్లో పెద్ద భాగం సొంత పని, ఇంటి పొలంలో, ఇంటి దుకాణంలో జీతం లేని సాయం. నిజంగా పని దొరికిందా, లేక మొగోని కూలి చాలక దిగిండ్రా, లేక ఇన్నేండ్లు ‘ఊకెనే ఉన్న’ అన్న తల్లిని ఇప్పుడు గట్టిగా అడిగితే ‘చేస్తున్న’ అన్నదా? మూడు వేరే వేరే కథలు. ఒక్కటే శాతం.

*

మాటల దగ్గరికి వస్త, అది నా జాగ.

‘నిరుద్యోగి’ అనంగనే మీ కండ్ల ముందు ఎవరు కనబడతరు? డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్న పిలగాడు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ మెట్లు. పని దొరకని కూలిమనిషిని ఎవరూ నిరుద్యోగి అనరు. ఉద్యోగం అన్న మాటలోనే కుర్చీ, సంతకం ఉన్నయి. అవి ఎన్నడూ లేనోనికి వాటి లేమి కూడా ఉండదని భాష తీర్పు చెప్పేసింది.

మా ఇంట్ల మాటలు వేరే. మా తాత మంథని దిక్కు ఊర్లో దొర ఇంట్ల వెట్టి చేసిండు. తర్వాత జీతం ఉన్నడు. ఈ జీతం నెల జీతం కాదు, ఏడాదికి ఇన్ని కుంచాల గింజలకు మనిషి అమ్ముడుపోవుడు. అవ్వ కైకిలి పోయింది. బాపు బాయిల కోల్ ఫిల్లర్‌గా చేరినంక మా ఇంట్లోకి ‘నౌకరీ’ అన్న మాట వచ్చింది. వెట్టి, జీతం, కైకిలి, నౌకరీ. మూడు తరాల్లో మేము దాటిన కడపలు ఇవి. ఏ సర్వే లేకముందే తెలంగాణ భాష ఈ లెక్క రాసి పెట్టింది. దాన్ని జాగ్రత్తగా చదివితే ఇంకోటి కూడా కనబడతది. మాదిగ వాడలో, మాల వాడలో ‘పని లేనోడు’ అన్న మాట చాలా అరుదు. ఖాళీగా ఉండే స్తోమత లేనోనికి నిరుద్యోగం రాదు. ఏదో ఒకటి చేస్తడు. ఏడు రోజుల్లో ఒక్క గంట చేసినా సర్వేలో పనిలో ఉన్నట్టే. సంవత్సరం లెక్కలో అయితే ముప్పై రోజుల చిన్న పని ఉన్నా చాలు, పనివాళ్ల అర్రలోకి వస్తడు.

నా సంగతే చెప్త. పీహెచ్‌డీ అయినంక మూడేండ్లు ఒక కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా గంటకింత అని చేసిన. జూన్ నుంచి మార్చి దాకా పని. ఏప్రిల్, మేలో పాఠాలుండవు, పైసలుండవు. ఏప్రిల్‌లో తిరిగి తిరిగి వెతికేటోన్ని. మే నెల ఎండకు వెతుకుడు ఆపి ఇంట్ల పండేటోన్ని. అంటే ఒక్క ఏడాదిలో మూడు అర్రలు తిరిగిన. కానీ సంవత్సరం మొత్తంలో ఎక్కువ కాలం ఏం చేసినవని అడిగితే జవాబు ‘పని’. ఆ మూడేండ్లూ నేను దేశం లెక్కలో నిండా ఉద్యోగిని. అప్పు ఇచ్చిన కిరాణ సేటు లెక్కలో మాత్రం ఏడాదికి రెండు నెలలు వేరే మనిషిని.

*

ఇప్పుడు మన బాయిల కాడికి వద్దాం.

సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటి కార్మికులున్నరు. ఇప్పుడు పర్మనెంటు కార్మికులు నలభై వేల చుట్టుపక్కల. అప్పుడు ఏడాదికి రెండు కోట్ల టన్నులు కూడా రాని బొగ్గు 2023–24లో 7 కోట్ల టన్నులు. తట్ట, చెమ్మస్ పోయినయి, మిషన్లు వచ్చినయి. అండర్‌గ్రౌండ్ తగ్గింది, ఓపెన్‌కాస్ట్ పెరిగింది. ఇదంతా గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగే ఎవరిని అడిగినా చెప్తరు.

నేను అడిగేది వేరే. అరవై వేల పైన నౌకరీలు పోయినయి గదా, ఆ అరవై వేల నిరుద్యోగులు ఏరి? మంచిర్యాలలో ఉన్నరా, కొత్తగూడెంలో ఉన్నరా, మన ఎయిటింక్లైన్ కాలనీలో ఉన్నరా? ఏ సర్వేలో వాళ్లు ‘పని పోయినోళ్లు’గా కనబడ్డరు?

కనబడలేదు. ఎందుకంటే చాలావరకు ఎవ్వరినీ మెడ పట్టి బయటికి గెంటలేదు. కొందరు రిటైర్ అయిండ్రు. కొందరు స్వచ్ఛంద విరమణ తీసుకున్నరు. కొందరు అన్‌ఫిట్ అయిండ్రు. కొందరు చచ్చిపోయిండ్రు. నాగాలెక్కువై డిస్మిస్ అయినోళ్లు కొందరు. వాళ్లలో చాలామంది పని అర్రలోంచి నేరుగా మూడో అర్రలోకే పోయిండ్రు. రెండో అర్ర గడప తొక్కలేదు. మనిషి పోయినంక ఆ జాగలోకి ఇంకొకరు రాలేదు, అంతే. నౌకరీలు పోయినయి, కానీ ఎవ్వరి నౌకరీ పోలేదు.

మరి పోయింది ఎవరిది? రావాల్సినోనిది. ఇంటర్ అయిపోయి బాయి వైపు చూసిన పిలగానిది. వాడు పోగొట్టుకోలేదు, ఎందుకంటే వాని చేతిలో ఎన్నడూ లేదు. చదువు అర్రలోంచి బయటికొచ్చి ఓబీ కాంట్రాక్టర్ కింద డంపర్ ఎక్కిండు, లేదా ఆటో కొన్నడు, లేదా హైదరాబాద్‌లో డెలివరీ బ్యాగు తగిలించుకున్నడు. వారం లెక్కలో వాడు ‘పనిలో ఉన్నోడు’. వాని బాపు పింఛన్‌దారు. ఆ ఇంట్ల నిరుద్యోగం సున్నా. ఒక తరం మొత్తం ఒక మెట్టు కిందికి దిగితే, అర్రల లెక్కలో కుండ కూడా కదలలేదు.

ఈ దిగుడుకు కులం ఉన్నది. కంపెనీ పర్మనెంటు నియామకంలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉంటది, రోస్టర్ ఉంటది. కాంట్రాక్టర్ పెట్టుకునే మనిషికి రోస్టర్ లేదు. పర్మనెంటు నుంచి కాంట్రాక్టుకు మారుడంటే రాజ్యాంగం ఉన్న అర్రలోంచి లేని అర్రలోకి మారుడు. సర్వే లెక్కలో రెండూ ఒకటే అర్ర, ‘పని’.

ఇంకో ముచ్చట. బాయి కడుపులో పుట్టినోళ్లకు తప్ప బయటోళ్లకు తెల్వనిది. వారసత్వ ఉద్యోగాలను మళ్లీ ఇస్తమని 2016లో అన్నరు. 2017లో హైకోర్టు, సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. ఆ తీర్పు మీద నాకు రెండు మనసులున్నయి. తండ్రి పని కొడుకుకు అన్నది కుల సూత్రమే, దాన్ని నేను మెచ్చుకోలేను. కానీ బొగ్గు దుమ్ము తండ్రి ఊపిరితిత్తుల్లో ఉన్నంక, ఆ ఇంటికి ఏం బాకీ లేదనుడు కూడా నాకు మింగుడుపడదు. తర్వాత కారుణ్య నియామకాలు అన్నరు. అంటే కార్మికుడు పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే కొడుకుకో బిడ్డకో నౌకరీ. పిల్లల వయసు పరిమితిని 2024లో 35 నుంచి 40కి పెంచిండ్రు.

దీన్ని కడపల లెక్కలో చూడండి. తండ్రి పనిలోంచి ‘పని చేయలేనోళ్ల’ అర్రలోకి పోవుడు ఒక గీత. కొడుకు వెతుకులాటలోంచి పనిలోకి వచ్చుడు ఇంకో గీత. ఏ దేశం పట్టికలోనైనా ఇవి రెండు వేరే వేరే మనుషుల రెండు వేరే వేరే గీతలు. మన ఇండ్లల్ల అది ఒక్కటే ఫైలు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకు ఫిట్. కొడుక్కు వయసు దాటిపోతున్నదని తండ్రి తన జబ్బును లెక్కపెట్టుకుంటడు. దగ్గు తగ్గితే భయపడే ఇండ్లు ఉంటయని ఢిల్లీలో పట్టికలు గీసేటోళ్లకు ఎట్ల తెలుస్తది?

*

ఇప్పుడు కాంట్రాక్టు అక్కల సంగతి.

చీపురు పట్టేటోళ్లు, క్యాంటీన్లో వండేటోళ్లు, మొక్కలకు నీళ్లు పోసేటోళ్లు. ఈ పనుల్లో ఏ కులాలు ఎక్కువో నేను చెప్పనక్కర లేదు. టెండర్ మారుతది, కాంట్రాక్టర్ మారుతడు. చీపురు అదే, జాగ అదే, మనిషి అదే. కాగితంలో మాత్రం ఒక పని పోయింది, ఇంకోటి దొరికింది. సర్వే తమ్ముడు ఈ నెల అడిగినా పనిలోనే ఉన్నది, వచ్చే నెల అడిగినా పనిలోనే ఉన్నది. కడప దాటనే లేదు. ఆ నడుమ ఆమె సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలైంది. పని నుంచి పనికి జరిగే ఈ దాటుడు మూడు అర్రల బొమ్మలో అసలు కనబడదు.

కనబడకపోవుడు ఒకటైతే, తారుమారు చూపుడు ఇంకోటి. సర్వేలో ప్రతి స్థితికీ ఒక సంఖ్య ఉంటది. నెల జీతం ఉన్న మనిషి ఆ వారం జబ్బుతో పనికి పోకపోతే 71. నౌకరీ ఉన్నది, జబ్బు వల్ల పోలేదు అని. పని చేస్తున్నోళ్ల లెక్కలోనే ఉంటడు. రోజు కూలికి పోయే మనిషి అదే వారం అదే జ్వరంతో పండుకుంటే 98. శ్రామిక శక్తి బయట. మూడో అర్ర.

ఒకటే బస్తీ, ఒకటే దోమ, ఒకటే జ్వరం. పర్మనెంటు కార్మికుడు జ్వరంలో కూడా కార్మికుడే. మా పక్కింటి అక్క జ్వరం రాంగనే కార్మికురాలు కాకుండా పోతది. ఆమె బదులు బోళ్లు తోమిన మా అమ్మ ఏమో ‘ఊకెనే ఉన్న’ అని ఇంటిపని గడిలో పడ్డది. ఆ వారం ఆ ఫంక్షన్ హాల్లో బోళ్లు ఎవరు తోమిండ్రు? లెక్క ప్రకారం ఎవరూ తోమలేదు.

మన పక్కనే ఎరువుల ఫ్యాక్టరీ చూడండి. ఎఫ్‌సీఐ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1999లో ఆగింది. అదే జాగలో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో 2021లో మళ్లీ యూరియా వచ్చింది. 1980లో పాతికేండ్ల వయసులో చేరిన కార్మికునికి గేటు మూసేనాటికి 44. మళ్లీ తెరిచేనాటికి 66. ఫ్యాక్టరీ ‘నిరుద్యోగం’ నుంచి ‘ఉద్యోగం’లోకి తిరిగొచ్చింది. మనిషి రాలేదు. నాలుగు నెలలు అడిగే సర్వేకు ఇరవై రెండేండ్ల ఈ గీత అందదు. ఇల్లు మారినోడు కూడా అందడు, ఎందుకంటే సర్వే ఇంటిని పట్టుకొని తిరుగుతది. ఓపెన్‌కాస్ట్ కింద ఊరే పోయినోళ్లు, క్వార్టర్ ఖాళీ చేసి పోయినోళ్లు, అంటే అందరికంటే ఎక్కువ కదిలేటోళ్లే, కదలిక లెక్కలోంచి ముందుగా రాలిపోతరు.

*

"అన్నా, మనకు కావాల్సింది నౌకరీలు గాని లెక్కలా?" అని గేట్ మీటింగ్‌ల కాడ తమ్ముళ్లు అడుగుతరు. న్యాయమైన ప్రశ్ననే. దానికి నా జవాబు బాబాసాహెబ్ దగ్గరుంది.

1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కార్యవర్గంలో లేబర్ మెంబర్. 1943 డిసెంబర్‌లో ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి, బాయిలోకి దిగి చూసిండు. కార్మికుల ఇండ్లు చూసిండు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. దేశంలో కార్మికుల స్థితిని ఆరా తీసే రేగే కమిటీ కూడా ఆ ఏడే. యుద్ధం నుంచి ఇండ్లకు మళ్లే సైనికులకు పని చూపెట్టే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల ఏర్పాటు కూడా ఆయన శాఖ కిందనే. దిగి చూసుడు, విచారించి రాసుడు, నిధి పెట్టుడు, మూడూ ఒకటే పనిగా నడిచినయి.

ఆ కాలందే ఇంకో పాఠం. బ్రిటిష్ ఇండియా గనుల్లో ఆడవాళ్లను 1937లో అండర్‌గ్రౌండ్ నుంచి పూర్తిగా బయటికి పంపిండ్రు. యుద్ధానికి బొగ్గు కావాల్సొచ్చి 1943లో మళ్లీ దింపిండ్రు. 1946లో మళ్లీ బయటికి పంపిండ్రు. వాళ్ల సమాన పనికి సమాన కూలి అన్న మాటను సభ ముందు పెట్టింది అంబేడ్కరే. బయటికొచ్చిన ఆ తల్లులు ఏమైండ్రు? ఇంటికి పోయిండ్రు. ఇంటికి పోయిన ఆడమనిషిని నిరుద్యోగి అని ఎవరూ రాయలేదు. ఎనభై ఏండ్ల కింద వాళ్లు పడ్డ గడిలోనే మొన్న మా అమ్మ పడ్డది.

అందుకని లెక్క అడుగుడు నౌకరీ అడుగుడుకు అడ్డం కాదు. ఏ కడప కాడ మన మనిషి కింద పడుతున్నడో తెలిస్తేనే, ఆ కడప కాడ నిలబడి కొట్లాడొచ్చు. 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కుల సర్వేలో మన రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం అని తేలింది. మంచిది. కానీ అది ఒక్కసారి తీసిన లెక్క. మనం ఎంతమందిమో చెప్తది, ఎటు పోతున్నమో చెప్పదు.

నేను అడిగేవి మూడు. ఒకటి, నాలుగుసార్లు అడిగి సేకరించిన సమాచారం నుంచి ఎవరు ఏ స్థితిలోంచి ఏ స్థితిలోకి మారిండ్రో పట్టికలు వెయ్యాలె. వాటిని కులం వారీగా, ఆడ–మగ వారీగా వెయ్యాలె. రెండు, ‘పని’ అన్న అర్రను లోపల గోడలు పెట్టి చూపాలె. పర్మనెంటు నుంచి కాంట్రాక్టుకు, కాంట్రాక్టు నుంచి రోజు కూలికి దిగుడు కూడా కడపగా లెక్కపెట్టాలె. మూడు, జ్వరం వచ్చిన కూలిమనిషిని శ్రామికుల్లోంచి తీసేసే ఆ 98ని మార్చాలె. ఇవి చెయ్యడానికి ఒక్క కొత్త చట్టం అక్కర లేదు.

బాయిలో ప్రతి మనిషికి ప్రతి రోజు మస్టరు ఉన్నది. అండర్‌గ్రౌండ్‌లో ఏడాదికి 190, పైన 240 నిండితేనే బదిలీ వర్కర్ పర్మనెంటుకు అర్హుడని ఒక్కో రోజు లెక్కపెట్టి చెప్పే వ్యవస్థ మనది. బొగ్గు పెల్ల కోసం ఇంత సూక్ష్మంగా మనిషిని లెక్కపెట్టగలిగినోళ్లు, మనిషి కోసం లెక్కపెట్టలేరా?

ఒక జాగ్రత్త కూడా చెప్పాలె. కడపల లెక్క చాలా నాజూకు. అర్రల లెక్కలో చిన్న తప్పులు ఒకదానికొకటి కొంత సరిపోతయి. కడపల లెక్కలో ప్రతి తప్పూ ఒక దొంగ కదలిక అయితది. అట్లాంటిది మా ఇంట్లనే జరిగింది.

తమ్ముడు అన్న మాట ప్రకారం మరుసటి నెల వచ్చిండు. ఈసారి నేను అమ్మ పక్కనే కూసున్న. "పోయిన ఏడు రోజులల్ల ఏం చేసినవమ్మా?" అమ్మ నా మొఖం చూసింది. "నిన్న మొన్న బోళ్లు తోమ పోయిన బిడ్డా. అదీ రాసుకుంటవా?"

"అదే రాసుకునేది అమ్మా" అన్నడు తమ్ముడు.

పట్టికలో ఇప్పుడు మా అమ్మ మూడో అర్రలోంచి మొదటి అర్రలోకి వచ్చింది. ఒక ఆడమనిషి కొత్తగా పనిలో చేరిందని ఎక్కడో ఒక చుక్క పెరుగుతది. నిజంగా మారింది పని కాదు, జవాబు. అయినా ఆ తమ్ముడు పోయినంక అమ్మ చాలాసేపు చాట ముట్టలేదు. "అయితే నేను చేసేది గూడ పనేనా?" అని ఒకసారి బాపునడిగింది. బాపు నవ్విండు. అమ్మ నవ్వలేదు.

దోస్తులారా, ఒక పని చేయండి. నా క్లాసులో పిల్లలతో ఇదే చేయిస్తున్న. ఒక నోటుబుక్కు తీసుకోండి. ఇంట్ల పెద్దమనిషి పక్కన కూసోండి. వాళ్లకు పదిహేనేండ్లు వచ్చిన కాడి నుంచి ఏడాదికొక గీత. ఆ ఏడు ఏం చేసిండ్రు, ఎవరి కింద, ఎంతకు, ఎందుకు ఆగింది, ఆగినంక ఏం తిన్నరు. ‘ఊకెనే ఉన్న’ అంటే అక్కడ ఆగకండి. ఇంకో ప్రశ్న అడగండి. మీ వాడలో అట్లాంటి పది నోటుబుక్కులు తయారైతే నాకు చెప్పండి, నేనే వచ్చి చదువుత.

వచ్చే వారం: పిట్ ఆఫీసు గోడ మీది నోటీసు భాష.

జై భీమ్.